నలభై మూడు గ్రాముల తోక

అతని పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు గుర్తుపట్టి, పాపం పెద్దమనిషి అంటారు. ఆ జాలి అతనికి దక్కడం నాకు ఇష్టం లేదు. కాలేజీలో అందరూ సార్ అనేవాళ్లు కాబట్టి నేనూ సార్ అనే రాస్తాను.

జనగామ దాటి నర్మెట్ట వైపు వెళ్లే రోడ్డు మీద ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ ఉండేది. అందులో అతను మెకానికల్ హెచ్‌ఓడీ. నేను వర్క్‌షాప్ అటెండర్‌ని, బానోత్ కాళిని. అంతకుముందు అక్కడే అతని దగ్గర చదివాను. చదివిన చోటే గ్రీజు గుడ్డ పట్టుకున్నావేమే అని మా తండా ఆడవాళ్లు ఎగతాళి చేసేవారు. ఇంకెక్కడా నౌకరీ రాలేదని చెప్పేదాన్ని. అది సగం నిజం. మిగతా సగం, అతను నా కళ్లెదుట ఉండాలి. ఏదో ఒకరోజు చేతికి చిక్కకపోడు. ఆ రోజు నేను పక్కన లేకపోతే ఎలా?

కారణం చెబుతాను. చిన్నదే కదా అనిపిస్తే అనిపించనీయండి.

2008లో నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు మోడల్ విమానం. అలాంటి వాటికి వాడే బాల్సా చెక్క హైదరాబాదులో తప్ప దొరకదు. మా ఇంట్లో దొరికేది జొన్నచొప్ప. పైన గట్టి పెచ్చు, లోపల దూదిలాంటి తెల్లటి బెండు. బెండును ముక్కలు కోసి, పెచ్చు పుల్లలనే మేకుల్లా గుచ్చి బండ్లు చేసుకుని ఆడని పిల్లలు మా వైపు లేరు. నేను దాంతోనే విమానానికి తోక చేశాను. మా బాపు రాంజీకి తడకలు కట్టడంలో మంచి పేరు. గొర్రెల దొడ్డికైనా, గుడిసె తలుపుకైనా చుట్టుపక్కల తండాలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. నేను తోక చేస్తుంటే పక్కన కూర్చుని చూశాడు.

"నిలువు, అడ్డం ఏసినవ్. ఏటవాలుగ బద్ద ఏయకపోతే తడక నాల్గొద్దులకే వంకరపోతది బిడ్డా," అన్నాడు.

"సార్ ఇచ్చిన డ్రాయింగుల లేదు బాపు," అన్నాను. చదువుకున్నదాన్ని కదా మరి.

పరీక్ష రోజు బాపు కాలేజీకి వచ్చాడు. ఆయన కాలేజీ అనేదాన్ని చూడటం అదే మొదలు. తలపాగా తీసి చేత పట్టుకుని, హాలు కిటికీ బయట నిలబడ్డాడు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు తోకను చూపించి, ఇది దేంతో చేశావమ్మా అని అడిగాడు.  కంగారులో మా దిక్కు మాట వచ్చేసింది.

"గది సొప్పబెండు సార్. మస్తు అల్కగుంటది. మా దిక్కు గిట్లనే చేస్తరు."

సార్ పక్కనే ఉన్నాడు. మెడ వంకర పెట్టి, గొంతు సాగదీసి, సినిమాల్లో మావాళ్లను ఎలా చూపిస్తారో అచ్చం అలాగే, "గది సొప్పబెండు సార్!" అన్నాడు. హాలంతా నవ్వింది. పరీక్షకుడూ నవ్వాడు. అప్పుడు సార్ నా విమానాన్ని ఎత్తి, తోక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. టక్కున విరిగింది.

"ఇది విమానం కాదండీ, చొప్పకట్ట," అన్నాడు.

ఆ ఏడాది నేను తప్పాను. మరుసటి ఏడు మళ్లీ రాసి గట్టెక్కాను గానీ, చొప్పకట్ట అన్న పేరు మాత్రం పోలేదు. అదీ భరించాను. భరించలేనిది వేరే ఉంది.  ఆ రోజు ఇంటికి వెళ్తుంటే, తండా కనిపించాక బాపు, "నా సొప్ప నీ ఇజ్జత్ తీసింది బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత ఆయన మళ్లీ తడక కట్టలేదు. ఎవరొచ్చి అడిగినా చేతులు నొస్తున్నాయనేవాడు. తప్పు చొప్పది కాదనీ, ఆయన వేయమన్న ఏటవాలు బద్దలు నేను వేయకపోవడం వల్లే విరిగిందనీ నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. నా వంతు తప్పును కూడా కలిపి, కోపమంతా సార్ మీదే పెట్టుకున్నాను.

మూడేళ్లు అతని ముందు అతని కోస్తా మాటలోనే మాట్లాడాను. సార్, ఇది తెచ్చానండి. సార్, అది అక్కడ పెట్టానండి. ఆ యాస ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఓసారి కొత్తగా వచ్చిన మేడమ్ మీది గుంటూరా అని అడిగింది. నా నోట్లోంచి మళ్లీ అతనికి నవ్వు దొరక్కూడదని పట్టుదల.

2011 అక్టోబరు నెలాఖరుకి సకల జనుల సమ్మె అప్పుడే ముగిసింది. బస్సులు తిరుగుతున్నాయి గానీ రోడ్ల మీద వంటావార్పు చేసిన రాళ్ల పొయ్యిలు ఇంకా తీయలేదు. నవంబరు ఒకటి వస్తోంది. ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం. మావాళ్లందరూ దాన్ని విద్రోహ దినం అని నల్లజెండాలు కడుతుంటే, మా కాలేజీ యాజమాన్యం మాత్రం పండుగలా చేయాలని నిర్ణయించింది. ఒక పెద్ద అధికారి వస్తాడు. ఆయన ముందు సార్ రిమోట్ విమానం ఎగరేస్తాడు. అది బాగా జరిగితే ఖాళీగా ఉన్న ప్రిన్సిపాల్ కుర్చీ అతనిదేనని స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు.

విమానం సామాను సమ్మె రోజుల్లో హైదరాబాదు నుంచి జీపు మీద వచ్చింది. పెట్టె విప్పేసరికి ఒళ్లూ రెక్కలూ బాగానే ఉన్నాయి. అడుగున పెట్టిన తోక మాత్రం అప్పడంలా నలిగి ఉంది. కొత్తది రావాలంటే పది రోజులు పడుతుందని షాపువాడు చెప్పాడు. చేతిలో ఉన్నవి ఆరు రోజులు. సార్ ఫోను పెట్టేసి వర్క్‌షాపులో అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి నా దగ్గర ఆగాడు.

"ఏమ్మాయ్, అప్పుడు ఆ చొప్పకట్ట చేసింది నువ్వే కదూ? అలాంటిదే ఈ కొలతలకి చేసి పట్రా. ఒక్కసారి ఎగిరి దిగితే చాలు."

మూడేళ్లుగా ఎదురుచూసిన రోజు ఇంత తేలిగ్గా నడిచొస్తుందని నేననుకోలేదు. సరేనండి అన్నాను. లోపల మాత్రం గంతులేసినంత పని అయింది. మొదట తట్టిన ఆలోచన, లోపల ఎక్కడో గాటు పెట్టి, గాలిలో విరిగేలా చేయడం. వెంటనే తల అడ్డంగా ఊపుకున్నాను. విరిగితే మళ్లీ చొప్ప విరిగింది అంటారు. మళ్లీ మా బాపు చొప్పే.

అప్పుడు సార్ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద లెక్క మొదలుపెట్టాడు. లెక్కల్లో అతనికి వంక పెట్టలేం. విమానం తక్కెడ లాంటిది. తోక బరువైతే మూతి పైకి లేస్తుంది, మూతి బరువైతే కిందికి కూరుకుపోతుంది. రెండూ సరిపోవాలి. పెట్టెలో వచ్చిన బాల్సా తోక తొంభై గ్రాములు.

"చొప్పంటే ఎంత లేదన్నా రెండు వందల గ్రాములుంటుంది," అన్నాడు బోర్డుతో. "దానికి సరితూగాలంటే ముక్కులో పావుకిలో సీసం. జిగురు ఆరడానికి రెండ్రోజులు పడుతుంది, ఇవాళే పెట్టేద్దాం. స్టోర్‌లోంచి సీసం తీసుకురా."

తెచ్చి నా చేతులతో ఇచ్చాను. తోక ఇంకా పుట్టనే లేదు, దాని బరువు అతను రాసేశాడు. మేము చేసేది ఏదైనా మొద్దుగానే ఉంటుందని అంత నమ్మకం. సీసం ముక్కల్ని అతను ముక్కులోకి దించి జిగురు పోస్తుంటే నాకు దారి దొరికింది. గాటు అక్కర్లేదు. తేలికైన మంచి తోక చేస్తే చాలు. ఎంత మంచిది చేస్తే అంత చెరుపు.

సాయంత్రం గేటు ముందు ఉపేందరన్న కలిశాడు. కొడకండ్ల వాడు, మా కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు, జేఏసీ టెంటులో నలభై రోజులు కూర్చున్నాడు.

"ఏంది కాళీ, గా సార్ ఇమానానికి తోక కడుతున్నవట? ఒకటో తారీకు మేమంతా నల్లజెండలు పట్టుకుంటే నువ్వు గాయిన కొలువు చేస్తవా? సిగ్గనిపిస్తలేదా?"

"అనిపిస్తలేదన్నా. కడత. గట్టిగ కడత."

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. చెబితే కడుపుబ్బ నవ్వేవాడే. కానీ ఈ పగ నాది. పంచుకుంటే పలచనైపోతుంది.

సమస్యల్లా బాపే. ఆయన చేయి లేకుండా ఆ తోక కాదు. ఇంటికెళ్లి విషయం చెప్పి, కట్టిపెట్టు బాపు అన్నాను. చేతులు నొస్తున్నాయి అన్నాడు. మా యాడి, అంటే అమ్మ, జమ్లీ పొయ్యి దగ్గర నుంచే, గా పని ఇడిశిపెట్టిండు గద, ఎందుకు సతాయిస్తవ్ అని కసిరింది. ఇంట్లో మేము మాట్లాడుకునేది మా లంబాడీ మాట. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఇక దాచి లాభం లేదనుకున్నాను.

"బాపు, ఆ పొద్దు ఇరిగింది నీ సొప్ప తప్పు కాదు. నువ్వు ఏయమన్న ఏటవాలు బద్ద నేను ఏయలే. అందుకిరిగింది."

బాపు నా ముఖంలోకి చూశాడు. 

"మూడేండ్ల సంది సెప్పకపోతివి?"

నేను తల దించుకున్నాను. ఆయన లేచి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. పైనుంచి చొప్పకట్ట ఒకటి ధబ్బున నా ముందు పడింది.

"కొత్తది వద్దు, నీరుంటది. గిది నిరుటి సొప్ప. కంకి కింద ఉంటది సూడు పొడుగు గణుపు, గదొక్కటే తియ్యి. మిగిలింది ఆవుకు ఏయి."

నాలుగు రోజులు ఇంటి దగ్గరే పని చేసుకురమ్మని సార్ పంపించాడు. ఆ నాలుగు రోజుల్లో బాపు పదేళ్లు తగ్గినట్టు కనిపించాడు. పెచ్చును కత్తి మొనతో ఈనెల్లా చీల్చేవాడు. చీల్చిన ఈనెను పెదవుల మధ్య పెట్టుకుని వంచి చూసి, నచ్చకపోతే పారేసేవాడు. అంచు కోసం ఆ ఈనెల్ని నీళ్లలో నానబెట్టి, నేను పలక మీద గీసిన తోక ఆకారం చుట్టూ మేకులు కొట్టి, రెండేసి పొరలు తుమ్మబంకతో అతికి వంచాడు. ఎండాక మేకులు తీస్తే అంచు అలాగే నిలబడింది. లోపల బెండు ముక్కల్ని నిలువుగా కాకుండా ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ ఏటవాలుగా పేర్చాం. ప్రతి ముక్కకు పైనా కిందా దారమంత పెచ్చు. బెండు ఒక్కటే అయితే చిదిమిపోతుంది, పెచ్చు ఒక్కటే అయితే వంగిపోతుంది. రెండూ అంటుకుంటే వంగదు, చిదిమిపోదు. ఈ సంగతి ఇంజినీరింగు పుస్తకాల్లో పెద్ద పేరుతో ఉంది. బాపు దానికి ఏ పేరూ పెట్టలేదు.

"గీ ఎనక ఊగే రెక్క ఎందుకు?" అని అడిగాడు.

"అది పైకి లేస్తే ఇమానం మూతి పైకి లేస్తది బాపు."

"అయితే గిది ఒదులుగుండొద్దు, బిగుసుకోవద్దు." కొడకండ్ల సాలెవాళ్ల దగ్గర తెచ్చిన సన్నదారంతో దాన్ని తనే కుట్టాడు. పైకీ కిందికీ ఊపి చూసుకుంటూ, ఎందుకో నవ్వుకున్నాడు.

నేను చెక్కుతూనే ఉన్నాను. బంక ఎక్కువైన చోట గీకాను. బెండు ముక్కల మధ్యలో గుండ్రంగా తొలిచాను. గరుకు కాగితంతో పెచ్చును ఇంకా పలచన చేశాను. ఒక్కో గ్రాము తీసేస్తుంటే, తీసిన గ్రాము అతని నెత్తిన పెట్టినట్టు ఉండేది. రాత్రి అన్నం కూడా రుచిగా ఉండేది. ఇంత కసిలో ఇంత హాయి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. బాపు మాత్రం నా పట్టుదల చూసి, పనితనం అనుకుని మురిసిపోయాడు.

"నా అంత పెద్దగైనవ్ బిడ్డా," అన్నాడు.

ఆఖరున పతంగి కాగితం అతికి, మీద నీళ్లు చిలకరించాం. ఆరేకొద్దీ కాగితం బిగుసుకుని డప్పు తోలులా మోగింది. బాపు దాన్ని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పబోయాడు. తిరగలేదు. బొటనవేలు పెట్టి నొక్కాడు, సరిగ్గా సార్ నొక్కిన చోట.  తోక చెక్కు చెదరలేదు.

"గిది ఎగురుతదా కాళీ?"

"ఎగురుతది బాపు."

"నేను సూడొచ్చా? మల్ల గా కాలేజికి రానిస్తరా నన్ను?"

"నేను పిలుస్తున్న గద, రా."

ఆయన ఎందుకు రావాలనుకుంటున్నాడో నాకు పట్టలేదు. సార్ పరువు పోవడం చూడటానికి వస్తాడనే అనుకున్నాను. నా పగే ఆయన పగ అనుకున్నాను. ఆయనకు నేను సీసం సంగతి చెప్పనేలేదు కదా, మరి ఎలా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

అక్టోబరు ముప్పై ఒకటి పొద్దున కాలేజీ ల్యాబులో తూచాను. నలభై మూడు గ్రాములు. రెండుసార్లు తూచాను. అతను రాసిన రెండు వందలు ఇంకా వర్క్‌షాపు బోర్డు మీదే ఉన్నాయి, ఎవరూ చెరపలేదు.

వర్క్‌షాపులో సార్ చుట్టూ నలుగురైదుగురు లెక్చరర్లు ఉన్నారు. తోకను చూసి, ఫర్వాలేదే అన్నట్టు తలూపాడు. చేత్తో కూడా పట్టుకోలేదు. బల్ల మీదున్న విమానాన్ని చూపించి, అతికించెయ్ అన్నాడు.

నాకు ఒక నియమం ఉండింది. నిజం దాచి దెబ్బ తీయకూడదు. ఒక్కసారి చెప్పాలి. చెప్పాక అతను వింటే నా ఖర్మ. కానీ ఎలా చెప్పాలో కూడా నేనే నిర్ణయించుకున్నాను. మూడేళ్లుగా మూటగట్టి ఉంచిన నా మాటను ఆ రోజు బయటికి తీశాను.

"సార్, జర జోకి సూడుండ్రి. మస్తు అల్కగున్నది. రెండు వేళ్ల మీద నిలవెట్టి సూస్తె మూతి బరువు తెలుస్తది."

జోకడమంటే తూచడమనీ, అల్కగ అంటే తేలిగ్గా అనీ అతనికి తెలియక కాదు. ఎనిమిదేళ్లుగా జనగామ కూరగాయల మార్కెట్లో వింటున్నవాడే. అయినా మెడ వంకర పెట్టాడు. అదే మెడ, అదే వంకర.

"జర జోకి సూడుండ్రి! మస్తు అల్కగున్నదట!" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "పావుకిలో సీసం ఊరికే పెట్టానా? నేను వేసిన లెక్క నాకు తెలుసు. నువ్వెళ్లి కుర్చీలు తుడువు."

వెళ్లి కుర్చీలు తుడిచాను. ముందు వరసలో ఉన్న పెద్ద కుర్చీని మరీ మెరిసేలా తుడిచాను.

మర్నాడు గేటు బయట ఉపేందరన్న, పిల్లలు నల్లజెండాలతో నిలబడి జై తెలంగాణ అంటున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ పోశాలు బాపును పక్క దారిలోంచి లోపలికి పంపాడు. బాపు ఉతికిన ధోతి కట్టుకుని, ఎర్ర తలపాగా చుట్టుకుని వచ్చాడు. ఈసారి తలపాగా తీయలేదు. వర్క్‌షాపు గోడ పక్కన నా దగ్గర నిలబడ్డాడు.

ఉపన్యాసాలు అయ్యాయి. సార్ కోటు వేసుకుని, రిమోట్ మెడలో తగిలించుకుని మైదానంలోకి దిగాడు. మైకులో విమానం గురించి చెబుతూ, తోకను స్థానిక వనరులతో నా పర్యవేక్షణలో తయారుచేయించాం అన్నాడు. అధికారి చప్పట్లు కొట్టాడు. చెప్పు, ఇంకా చెప్పు అనుకున్నాను. ఎంత ఎత్తుకు ఎక్కితే అంత మంచిది.

ఇంజిను కుయ్యిమని మొదలైంది. విమానం సున్నపు గీతల మధ్య పరిగెత్తింది. పరిగెత్తింది, పరిగెత్తింది, లేవలేదు. సార్ రిమోట్ మీది పుల్లను వెనక్కి లాగేకొద్దీ తోక మీద రెక్క నిక్కి పైకి లేచింది. బాపు కుట్టిన కుట్టు ఎక్కడా పట్టేయలేదు. మైదానం చివర చిన్న మెట్ట తగిలి విమానం గాలిలోకి ఎగిరింది. నిలువెత్తు లేచిందేమో. పక్కనే బాపు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. అంతలో మూతి కిందికి వంగింది. సార్ చేతులు రిమోట్ మీద పిచ్చిగా ఆడాయి. విమానం తల కిందికి పెట్టి, వేదికకు ఇరవై అడుగుల దూరంలో నేలలోకి గుచ్చుకుంది.

 తర్వాత గేటు బయట నుంచి ఈలలు, కేకలు. పోశాలు కూడా మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అధికారి గడియారం చూసుకుని లేచాడు. నేను తుడిచిన కుర్చీ ఖాళీ అయింది. యాజమాన్యం పెద్దాయన ముఖం చూస్తే, ప్రిన్సిపాల్ కుర్చీ కూడా ఇక లేదని తెలిసిపోతోంది.

నాకు ఎంత బాగుందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మూడేళ్లుగా గొంతులో అడ్డం పడినదేదో దిగిపోయినట్టు ఉంది. సార్ ఒక్కడే నడుచుకుంటూ వెళ్లి ముక్కల దగ్గర నిలబడ్డాడు. మూతి నుజ్జయింది, రెక్కలు చీలాయి. ఒంటి నుంచి ఊడిన తోక మాత్రం గడ్డిలో కాగితం కూడా చిరగకుండా పడి ఉంది. వంగి తీసుకున్నాడు. అలవాటు చొప్పున బొటనవేలు పెట్టి నొక్కాడు. విరగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. అప్పుడు దాన్ని అరచేతిలో పెట్టి, పైకీ కిందికీ ఊపి చూశాడు. తెలివైనవాడే కదా, ఆ ఒక్క ఊపుతో అంతా అర్థమైంది. తల తిప్పి మైదానం ఇవతల ఉన్న నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు.

తోకను పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"తూచమని చెప్పావు కదూ," అన్నాడు మెల్లగా.

"అవునండీ. చెప్పానండీ. మీరే వినిపించుకోలేదు," అన్నాను. ఒక్క అక్షరం కూడా తప్పకుండా, అతని యాసలోనే.

 ఎవరి మీద ఫిర్యాదు చేయాలన్నా, తూచకుండా సీసం పెట్టానని ముందు తానే ఒప్పుకోవాలి. తోకను నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నడకలో కూడా తేడా వచ్చింది. కళ్లారా చూసుకున్నాను. తర్వాత, గెలిచినదాన్నై, బాపు వైపు తిరిగాను.

"సూడు బాపు, ఇరగలే!"

బాపు తోకను అందుకుని, కుట్లన్నీ వేళ్లతో తడిమి చూశాడు.

"ఇరగలే. మరెందుకు లేవలే?"

"మూతి బరువైంది. సీసం ఎక్కువ పెట్టిండు."

"నీకు ముందుగాల తెల్సా?"

"తెల్సు. సెప్పిన గూడ. ఇననేలేదు."

"ఏ మాటల సెప్పినవ్?"

"మన దిక్కు మాటల్నే."

ఆయన తోక మీది రెక్కను ఒకసారి ఊపి చూశాడు. "ఇప్పుడు గాయిన తోని మాట్లాడితివి గద, గా తీరు మాట నీకు అప్పుడు రాదా?"

ఆయన చేతిలోని తోకకు అంటిన గడ్డిపోచను తీసేశాను.

"గా తీరు సెప్తె ఇంటుండె," అన్నాడు బాపు. అందులో కోపమేమీ లేదు. "నాకు గాయిన మీద ఏం పగ లేదు బిడ్డా. గిది ఎగురుతదని నువ్వు సెప్పినవ్. అది సూద్దమని వచ్చిన. మీ యాడికి గూడ సెప్పొచ్చిన."

ఉపేందరన్న గేటు దాటుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, శభాష్ కాళీ, కొట్టినవ్ దెబ్బ అని భుజం తట్టాడు. ఆ శభాష్ కోసం మూడేళ్లు చూశాను. ఆ క్షణాన చెవికెక్కలేదు. అంత మంచి తోక ఇంకొకటి మేము చేయగలం. దాన్ని తగిలించుకుని ఎగిరే విమానం మాత్రం మాకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? ఆ పాపం కూడా సార్ మీదే వేద్దామని చూశాను. పోలేదు, నా దగ్గరే ఉండిపోయింది.

నర్మెట్ట ఆటోలో ఇద్దరం వెనక అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాం. కాలేజీ దాటి ఆటో వేగం అందుకున్నాక, బాపు తోకను రెండు చేతులతో పట్టుకుని బయటికి చాచాడు. గాలి తగలగానే అది ఒక్కసారి పైకి ఎగబాకింది. వెనక ఉన్న రెక్క టపటపా కొట్టుకుంది. బాపు పట్టు బిగించి, మళ్లీ కొంచెం వదులు చేశాడు. అది ఆయన చేతుల్ని పైకి లాగుతూనే ఉంది. నేను ఆయన ముఖం చూడలేక రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. నర్మెట్ట వచ్చేదాకా ఆయన దాన్ని లోపలికి తీయలేదు.